తొండికి చోటు లేని పులిజూదం

గుంటూరు జిల్లాలో సెల్‌ఫోన్ ఆట తయారుచేసిన మొట్టమొదటి ముసలివాణ్ణి నేనే. డెబ్బై రెండో ఏట, ఎవరి సాయమూ లేకుండా, మూడు నెలల్లో పూర్తిచేశాను.

ఇలా మొదలుపెడితే బాగుంటుందని రాశాను. మొదటివాణ్ణో కాదో నాకు తెలీదు. సాయం లేకుండా అన్నది అబద్ధం. బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ నడిపే ఒకమ్మాయి లేకపోతే నా ఆటలో ఒక్క గీత కూడా పడేది కాదు. పట్టింది కూడా మూడు నెలలు కాదు, ఆరు. అందులో నాలుగు నెలలు ఒక్క పులిబొమ్మకే పోయాయి.

ఆట ఎవరికోసమో ముందు చెప్పాలి.

నేను మిర్చి యార్డులో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేశాను. పెళ్ళిళ్ళలో కొత్తవాళ్ళు అడిగితే కమీషన్ వ్యాపారం అని చెబుతాను. చేసింది గుమాస్తా పని. రైతు దింపిన టిక్కీల్లోంచి, అంటే మిర్చి బస్తాల్లోంచి, కాయ తీసి, పళ్ళెంలో పోసి, కొనేవాళ్ళ ముందు పెట్టడం నా ఉద్యోగం. మా కొట్లోనే కాటా వేసేవాడు ఒకడుండేవాడు, నా ఈడువాడు. మధ్యాహ్నం లారీలు వచ్చేలోపు ఇద్దరం గోడౌన్ గచ్చు మీద సుద్దముక్కతో గీసుకుని పులిజూదం ఆడేవాళ్ళం. మూడు ఎర్రకాయలు పులులు. రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు పదిహేను, అవి మేకలు. పులులెప్పుడూ నావి, మేకలు అతనివి. రంజాన్ నెలలో అతను పగలు తినడు కాబట్టి ఆట ఇంకాస్త సాగేది. నేను మధ్యలో పని ఉన్నట్టు లేచి, టిక్కీల చాటుకెళ్ళి నాలుగు ముద్దలు మింగి వచ్చేవాణ్ణి.

"మూతి తుడుచుకుని రారా, గోంగూర అంటింది," అనేవాడు.

ఆట తెలీనివాళ్ళకి రెండు మాటలు. గీతలు కలిసే చోటల్లా ఒక గడి. మేకలు ఒక్కొక్కటే గడుల్లోకి దిగుతాయి. పులి పక్కనున్న మేక మీంచి అవతలి ఖాళీ గడిలోకి దూకితే ఆ మేక చచ్చినట్టు. మూడు పులుల్నీ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. అంతే.

అతను తొండి ఆడేవాడు. లారీ హారన్ వినబడి నేను తల తిప్పితే చాలు, చచ్చిన మేక ఒకటి లేచి మళ్ళీ గీతల మీద నిలబడి ఉండేది.

"ఇది ఇందాక చచ్చింది కదరా?"

"అది వేరే. ఇది దాని తమ్ముడు."

కొన్ని రోజులు ఒకే మేకకి ముగ్గురు నలుగురు తమ్ముళ్ళుండేవాళ్ళు.

పోయినేడు అతనికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పొద్దుటే పోయాయి. కూతురు దాచేపల్లిలో తన ఇంటికి తీసుకెళ్ళింది. ఆ అమ్మాయి ఫోన్ చేసి చెబుతున్నప్పుడు నేను పెసరట్టు తింటున్నాను. అంతా విని "సరేనమ్మా" అన్నాను. మిగిలిన అట్టు తిన్నాను. అల్లం పచ్చడి చాల్లేదని మా ఆవిణ్ణి అడిగి మళ్ళీ వేయించుకున్నాను. ఏడుపొస్తుందేమోనని చెయ్యి కడుక్కుని కాసేపు వసారాలో కూర్చున్నాను. రాలేదు. యార్డులో కొత్తగా చేరినవాళ్ళు వారం రోజులు తుమ్ముతారు, దగ్గుతారు, కళ్ళ నీళ్ళు కారుస్తారు. ఆ తర్వాత ఏ ఘాటూ తెలీదు. నా ముక్కు ఎప్పుడో అలా అయిపోయింది. మిగతా మనిషి కూడా అలాగే అయ్యాడేమో అనుకున్నాను.

చూడ్డానికి వెళ్ళింది రెండు నెలల తర్వాత. బస్సు లేదనీ, ఎండ అనీ చెప్పాను కానీ, బస్సూ ఉంది, ఎండా అంత లేదు.

దాచేపల్లిలో వాళ్ళ వీధి చెట్ల ఆకుల మీద సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు అతన్ని. మూతి కుడివైపు జారిపోయి ఉంది. నేను మాట్లాడుతున్నాను, అతను గోడని చూస్తున్నాడు. ఆ ఏడు కాయ సంగతి చెప్పాను, యార్డులో కొత్త షెడ్డు సంగతి చెప్పాను.

"ఇంతే బాబాయ్," అంది కూతురు. "ఎడం చేత్తో ఏదో ఒకటి చేయిస్తూ ఉండమన్నాడు డాక్టరు. బంతిస్తే విసిరేస్తాడు. టీవీ పెడితే ఇటు తిరిగి కూర్చుంటాడు. అన్నం కూడా నోట్లో పెడితే ఉంచుకుంటాడు, మింగడు. ఏదన్నా ఒకటి కావాలని అడిగితే బాగుండును. ఏమీ అడగట్లేదు."

ఆ మాటకి నాకేమీ అనిపించలేదు. అనిపించకపోవడం కొంచెం సిగ్గుగా ఉండి, నోరు తెరిచాను.

"ఒరేయ్, నేను ఫోన్‌లో పులిజూదం తయారుచేస్తున్నా. చేయించడం కాదు, నేనే. నువ్విక్కడ, నేనక్కడ, ఇద్దరం ఆడుకోవచ్చు. పులి గర్జిస్తుంది. దూకేటప్పుడు మీసాలు కదుల్తాయి. నెల తిరక్కుండా నీ ఫోన్‌లో ఉంటుంది చూడు."

అతను నావైపు తిరిగాడు. నేనొచ్చిన గంటన్నరలో నన్ను చూడ్డం అదే మొదలు. ఎడం చేతి చూపుడువేలు ఎత్తి, ఒళ్ళో ఉన్న ఫోన్ మీద పెట్టాడు. పెట్టి, తియ్యలేదు.

ఆ నిమిషం దాకా నాకు అలాంటి ఉద్దేశమే లేదు. ఫోన్‌లో ఆటలు ఎవరు చేస్తారో, ఎలా చేస్తారో కూడా తెలీదు.

తిరుగు బస్సులో వెతికితే అలాంటి ఆటలు నాలుగైదు దొరికాయి. పని తేలికైపోయిందనుకున్నాను. ఒకటి కూతురి చేత అతని ఫోన్‌లో వేయించాను. ప్రతి ఎత్తుకీ ఒక ప్రకటన వచ్చేది. అతని వేలు మేక మీద పడబోయి ప్రకటన మీద పడేది, ఇంకేదో తెరుచుకునేది. పైగా అవతల ఆడేది నేను కాదు, ఎవడో ముక్కూ మొహం తెలీనివాడు, లేకపోతే ఫోనే. రెండు రోజులకే పక్కన పెట్టేశాడు.

"నాన్న మీరు చేసేదే కావాలంటున్నాడు బాబాయ్," అని ఫోన్ చేసింది ఆ అమ్మాయి. "అంటే, అనట్లేదు. నేను మీ పేరెత్తితే ఫోన్ మీద వేలు పెడుతున్నాడు. ఎప్పుడొస్తుంది?"

"అయిపోవచ్చిందమ్మా. తోక ఒక్కటే మిగిలింది."

మర్నాడు మా పెదకాకాని నుంచి ఆటో ఎక్కి బ్రాడీపేట వెళ్ళాను. కింద పళ్ళ డాక్టరు, పైన గేమ్ డెవలప్‌మెంట్ క్లాసులు. ముప్ఫై కూడా నిండని మేడమ్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"డెంటిస్ట్ కింద ఫ్లోరండీ."

"పళ్ళు బాగానే ఉన్నాయమ్మా. క్లాసులో చేర్పిద్దామని."

"ఎవర్ని? మనవడినా, మనవరాలినా?"

"నన్నే."

ఆ అమ్మాయి నవ్వకుండా ఉండటానికి కొంచెం కష్టపడింది. "కంప్యూటర్ మీద అనుభవం ఉందాండీ?"

"ముప్ఫై ఎనిమిదేళ్ళు."

"కంప్యూటర్ మీద?"

"మిర్చి మీద."

గేమ్ ఇంజన్ అనే మాట ఆ రోజే విన్నాను. బొమ్మ కదలడం, వేలు ఎక్కడ తగిలిందో కనిపెట్టడం, చప్పుడు, ఇవన్నీ ముందే చేసి ఉంచిన సామానట. దాని మీద మన ఆట మనం రాసుకోవడమే. ఏ ఇంజన్ ఎంచుకోవాలన్నది మొదటి ప్రశ్న. మేడమ్ మూడు చూపించింది. మొదటిది సినిమా లాంటి బొమ్మలకి పెట్టింది పేరు, కానీ బరువు. దానికి మంచి కంప్యూటర్ ఉండాలి, ఆట ఎక్కించుకునే ఫోన్ కూడా మంచిదుండాలి. రెండోది ఫోన్ ఆటలు చేసేవాళ్ళు ఎక్కువమంది వాడేది, ఏ సందేహం వచ్చినా నెట్లో జవాబు దొరుకుతుంది. మూడోది చిన్నది, ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు. ఈ మూడోదాంతో చేసిన ఆటల వీడియోల్లో బొమ్మలు మాత్రం పిల్లలు వేసినట్టున్నాయి.

"ముందు మీ ఆటకి ఏం కావాలో చెప్పండి, తర్వాత ఇంజన్ చూద్దాం," అంది. "ఎవరు ఆడతారు? వాళ్ళ ఫోన్ ఏంటి?"

"మంచి ఫోనేనమ్మా," అన్నాను. అతని ఒళ్ళో చూశానే కానీ, అది ఏ ఫోనో నేను పట్టించుకోలేదు.

మొదటి ఇంజన్ వీడియోలో ఒక పులి గడ్డిలోంచి నడిచొచ్చింది. మీసం మీసం విడిగా కదిలింది. "ఇదే," అన్నాను. మేడమ్ ఒద్దని రెండుసార్లు చెప్పింది. రెండోసారి కొంచెం గట్టిగానే చెప్పింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. టిక్కీలో పైన ఎప్పుడూ మంచికాయే ఉంటుంది. ఎవరైనా అలాగే నింపుతారు. తాలు, తేమ, నల్లకాయ, అన్నీ నడిమిలో ఉంటాయి. అందుకే మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, మధ్యలోంచి గుప్పెడు తియ్యాలి. తీసి, చెవి దగ్గర ఆడించి, గింజ గలగలమంటోందా లేదా వినాలి. జీవితంలో నాకు సరిగ్గా వచ్చిన పని అదొక్కటే. ఇంజన్ దగ్గరికొచ్చేసరికి పైకాయ చూసి సరే అన్నాను.

మనవరాలు చదువయ్యాక వదిలేసిన ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో ఉంది. ఆ ఇంజన్ దాంట్లోకి దిగడానికే రెండు రోజులు పట్టింది. తెరవడానికి పట్టే టైములో నేను స్నానం చేసి వచ్చేవాణ్ణి. పులిబొమ్మ ఒకటి నెట్లో ఉచితంగా దొరికింది. అది నడిచేది కానీ ఎడమవైపుకే నడిచేది. వారానికి మూడు రోజులు క్లాసుకెళ్ళి, కుడివైపు తిప్పడానికి ఒక నెల, గర్జన పెట్టడానికి ఒక నెల, మీసాలకి మిగతాది. ఒక్క మేకని కూడా చెయ్యలేదు. గీతలు కూడా గియ్యలేదు. వారం వారం దాచేపల్లి నుంచి ఫోన్ వచ్చేది, వారం వారం తోక మిగిలే ఉండేది.

నాలుగో నెల ఆ పులినే పంపించాను, ముందు ఇదన్నా చూస్తాడని.

"జాగా లేదంటోంది బాబాయ్," అంది ఆ అమ్మాయి. "పిల్లల ఫోటోలు, వీడియోలు అన్నీ తీసేశాను. అయినా ఎక్కట్లేదు. నాన్న పక్కనే కూర్చుని చూశాడు. ఫోన్ నా చేతికిచ్చేశాడు. మళ్ళీ తీసుకోలేదు. రాత్రి నుంచి పాలు తప్ప ఏమీ దిగలేదు. బాబాయ్, నిజం చెప్పండి, అసలు ఆట ఉందా?"

"పులి ఉందమ్మా," అన్నాను.

మేడమ్ దగ్గరికెళ్ళి అన్నీ చెప్పేశాను. కమీషన్ వ్యాపారిని కాదని కూడా చెప్పాను, ఆ అమ్మాయి అడక్కపోయినా. ఆమె ఒక తెల్లకాగితం ముందుకి లాక్కుంది.

"ఇప్పుడన్నా కనుక్కున్నారా ఫోన్ ఏంటో?"

"పాతది. అద్దం పగిలింది. జాగా లేదు."

"ఎన్ని వేళ్ళు పనిచేస్తాయి ఆయనకి?"

"ఒకటి. అదీ వణుకుతుంది."

"గర్జన కావాలా?"

"వద్దు."

"మీసాలు?"

"వద్దమ్మా."

"అయితే మూడో ఇంజన్. రెండోదాంతోనూ అవుతుంది. కానీ మీ ల్యాప్‌టాప్ పాతది, మీరేమో…"

"ముసలివాణ్ణి. అను."

"ఇప్పుడే నేర్చుకుంటున్నవారు, అనబోయాను."

ఆన్‌లైన్ సంగతేంటని అడిగాను. నేను భయపడ్డది దానికే.

"కాల్చుకునే ఆటలకైతే అది పెద్ద పని. రెప్పపాటులో ఇక్కడి కబురు అక్కడికి పోవాలి. మీది ఎత్తు తర్వాత ఎత్తు. ఎక్కడో ఒక నోటీసు బోర్డు ఉందనుకోండి. మీరు వెళ్ళి మీ ఎత్తు రాసొస్తారు. ఆయన వీలున్నప్పుడు వచ్చి చూసుకుని, ఆయనది రాస్తారు. గంట పట్టినా, పూట పట్టినా ఆట చెడదు. ఆ బోర్డునే సర్వర్ అంటాం. దీనికి ఏ ఇంజనైనా ఒకటే."

ఆరు వారాల్లో అయిపోయింది. గీతలు. ఎర్ర చుక్కలు మూడు, తెల్ల చుక్కలు పదిహేను. వేలితో లాగే పని లేదు. ఒకసారి తాకితే ఏ మేకో, రెండోసారి తాకితే ఎక్కడికో. చుక్క చుట్టూ వణికే వేలికి సరిపడా ఖాళీ. చచ్చిన మేకలు తెర అడుగున వరసగా కనబడతాయి. తప్పు ఎత్తు వేస్తే తెర ఎర్రబడి "చెల్లదు" అని పడుతుంది. ఆ నియమాలన్నీ నేనే రాశాను. అంటే, నేను చెబుతుంటే మేడమ్ రాసింది.

ఫోన్‌లోకి ఎక్కింది. ఫోటోలు తియ్యాల్సిన పని కూడా లేకపోయింది, అప్పటికే తీసేసి ఉన్నాయి కనక.

మొదటి మేక పొద్దున పదకొండుకి దిగింది. అతనెప్పుడూ పెట్టే మూలనే. నేను పులిని కదిపాను. మధ్యాహ్నానికి రెండో మేక. సాయంత్రానికి మూడోది. అన్నం తింటున్నాడా అని అడిగాను. రెండు ముద్దలు ఎక్కువే తింటున్నాడంది కూతురు. నాకు సంతోషం కలగాల్సింది. సరేనమ్మా అన్నాను.

అయిదో రోజు నా పులి ఒక మేకని చంపింది. ఆ తర్వాత అటునుంచి ఎత్తు రాలేదు. ఒక రోజు, రెండు రోజులు. మూడో రోజు నేనే ఫోన్ చేశాను.

"ఆడుతూనే ఉన్నాడు బాబాయ్! పొద్దస్తమానం పొడుస్తూనే ఉన్నాడు. ఎర్రగా వస్తోంది. ఇందాక ఫోన్ మంచమ్మీదికి విసిరేశాడు. మళ్ళీ గోడవైపు తిరిగాడు."

మేడమ్ సర్వర్ తెరిచి చూసింది. అతను ఎక్కడెక్కడ తాకాడో వరసగా రాసి ఉంది అందులో. వరసంతా ఒకటే. చచ్చిన మేక, కింది మూల గడి, చెల్లదు. చచ్చిన మేక, కింది మూల గడి, చెల్లదు. పేజీ కిందికి జరుపుతూనే ఉంది, అదే వస్తోంది.

"వణుకుకి వేలు కిందకి జారిపోతున్నట్టుంది," అంది. "తప్పు నాదే. చచ్చిన మేకల్ని తెర మీంచి తీసేద్దాం."

"తియ్యొద్దమ్మా. అది వణుకు కాదు."

"మరి?"

"తొండి."

చెప్పాను, దాని తమ్ముడి సంగతి. మేడమ్ పెన్ను కింద పెట్టింది.

"చచ్చిన మేకని లేపనివ్వాలా? అప్పుడది ఆటెలా అవుతుందండీ? మీరు ఎప్పటికీ గెలవరు."

"గెలవను. కానీ ఊరికే ఒప్పుకుంటే అతనికి నచ్చదు. నేను చూడనప్పుడే లేవాలి."

"మీరు చూడట్లేదని ఫోన్‌కెలా తెలుస్తుంది?"

నేను జేబులోంచి ఫోన్ తీసి ఆమె బల్లమీద బోర్లా పెట్టాను.

ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది, ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. "ఈ ఇంజన్‌కి అది తెలుస్తుంది," అంది. రెండు రోజుల్లో చేసిచ్చింది. తెర పైన ఒక కన్నుబొమ్మ ఉంటుంది. అది అవతలి మనిషిది. అవతల ఫోన్ బోర్లిస్తే ఇవతల కన్ను మూసుకుంటుంది, అంతసేపూ ఏ ఎత్తుకీ చెల్లదు అని పడదు.

"రెండు వైపులా పెట్టేశాను. ఒకవైపుకే రాయడం కన్నా అదే తేలిక."

"నాకెందుకమ్మా," అన్నాను. "నేను తొండి ఆడను."

ఇంటికొచ్చి, ఫోన్ మంచం మీద బోర్లించి, టీ తాగడానికెళ్ళాను. వచ్చి తిప్పి చూస్తే కింది మూలలో మేక నిలబడి ఉంది. దాచేపల్లికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టమన్నాను.

"ఇది ఇందాక చచ్చింది కదరా?"

అట్నుంచి అతని గొంతులోంచి ఏదో వచ్చింది, మాట కాదు, దగ్గూ కాదు.

"నవ్వుతున్నాడు బాబాయ్," అంది కూతురు. "సగం మూతితో."

అప్పట్నుంచీ రోజుకి మూడుసార్లు టీ తాగుతున్నాను. ఇప్పటికి ఒక్క ఆట కూడా గెలవలేదు.

ఇంతవరకూ చదివితే అతనొక్కడే తొండి ఆడేవాడని అనిపిస్తుంది. అలా అనిపించాలనే రాశాను. మొదలుపెట్టింది నేను. యార్డులో చేరిన మొదటి ఏడే, కొట్లోంచి పిలిస్తే అతను కాటా వైపు తిరిగినప్పుడు, నా పులిని రెండు గడులు అవతలికి జరిపాను. తర్వాత అలవాటైపోయింది. అతను రోజూ ఏదో ఒక వంకతో కాటా వైపు తిరిగేవాడు, పిలవకపోయినా. అతను ఎన్నడూ కనిపెట్టలేదు. నేను చాలా తెలివిగా జరిపేవాణ్ణి. ఇదీ మొన్నటి దాకా నేను నమ్మిందే.

మొన్న పొద్దున అతని మేకలు నా మూడు పులుల్నీ దాదాపు కట్టేశాయి. ఇంకొక్క ఎత్తు మిగిలింది. నా వంతు. తెర పైన చూస్తే కన్ను మూసి ఉంది.

ఫోన్ జారి పడిందేమోనని కూతురికి చేశాను.

"పడలేదు బాబాయ్. తనే బోర్లించాడు, ఎడం చేత్తో. దాని మీద చెయ్యి పెట్టుకుని గోడ చూస్తున్నాడు. ఏమన్నా చెప్పనా?"

"వద్దమ్మా. అటే చూడనీ."

నా ఎర్ర చుక్కని తాకాను. రెండు గడుల అవతల ఖాళీ చోటుని తాకాను. పులి వెళ్ళి అక్కడ కూర్చుంది. చెల్లదు అని పడలేదు.